వెతకడానికి గూగులా, రీల్సా? ఇది మంచికా చెడుకా?

వేపచెట్టు
మా తమ్ముడు ఏం కావాలన్నా గూగుల్ జోలికే పోడు, ఇన్‌స్టాలోనో యూట్యూబ్‌లోనో వెతుకుతాడు, అక్కడ దొరక్కపోతే ఇక లేదంటాడు. వాడొక్కడే కాదులెండి, 2022లో గూగుల్ సెర్చ్ వ్యవహారాలు చూసే ప్రభాకర్ రాఘవన్ గారే ఒక సదస్సులో చెప్పారు, తినడానికి చోటు వెతుక్కునే కుర్రకారులో దాదాపు 40 శాతం మంది తమ దగ్గరికి రాకుండా టిక్‌టాక్, ఇన్‌స్టాగ్రామ్‌కి పోతున్నారని. నాకైతే ఇది మంచికి కాదనిపిస్తోంది. మీరేమంటారు?

కుట్టుపని
ముమ్మాటికీ మంచికి కాదు. నా సంగతి చెప్తా. తొమ్మిదేళ్ళుగా పాత కుట్టుమిషన్ల రిపేరు గురించి ఒక సైటులో రాస్తున్నా. గుడ్డ అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా పడుతుంటే అందరూ బాబిన్‌నే, అంటే అడుగుదారం చుట్టి ఉండే చిన్న చక్రాన్నే అనుమానిస్తారు, కానీ చాలాసార్లు తప్పు పైదారంలో ఉంటుంది, దారాన్ని నొక్కి బిగువుగా ఉంచే టెన్షన్ పళ్ళేల మధ్య సరిగ్గా కూర్చోదు. ఆ ఒక్క వ్యాసం రాయడానికి ఎన్ని మిషన్లు విప్పానో నాకే లెక్క లేదు. పోయినేడాది ఒకాయన దాన్ని ముందు పెట్టుకుని వాక్యం వాక్యం చదువుతూ వీడియో చేశాడు. పేరు లేదు, లింకు లేదు. పైగా చివర్లో బాబిన్ కేసు స్క్రూ బిగించమన్నాడు, నేను ముట్టుకోవద్దని రాసిన స్క్రూనే! కింద వరసగా థాంక్యూ అన్నా, థాంక్యూ అన్నా. నా సైటుకి వచ్చేవాళ్ళు మూడో వంతుకి పడిపోయారు.

లింకులమాస్టారు
వేపచెట్టు గారూ ముందు ఒకటి సరిచేయాలి. ఆ 40 శాతం మాట తిండి వెతుక్కోవడం గురించి, అదీ కుర్రవాళ్ళ గురించి. మొత్తం సెర్చ్ అంతా పోయిందన్నట్టు వాడకూడదు. ఇంకోటి, సోషల్ మీడియా గూగుల్ ర్యాంకింగ్‌ని, అంటే వెతికితే ఏ పేజీ పైన రావాలన్న లెక్కని మార్చేస్తోందని చాలామంది అనుకుంటారు, లైకులు, ఫాలోవర్లు ర్యాంకింగ్‌లో లెక్కలోకి రావని 2014లో గూగుల్ మనిషి మ్యాట్ కట్స్ వీడియో పెట్టి మరీ చెప్పాడు.

చిన్నమాట
రెండూ వాడుకుంటాం, ఇందులో గొడవేముంది

రాత్రిపక్షి
గూగుల్ పాడైంది రీల్స్ వల్ల కాదండీ. ఒక చిన్న ప్రశ్న వేస్తే పది పేరాల ఊకదంపుడు, మధ్యలో యాడ్లు, అసలు సమాధానం అట్టడుగున. అన్నీ ర్యాంకు కోసం రాసినవే, మనిషి కోసం రాసింది ఒక్కటీ లేదు. అందుకే జనం ప్రశ్న వెనక రెడిట్ (జనం గ్రూపులుగా చేరి చర్చించుకునే సైటు) అని తగిలించి వెతకడం మొదలుపెట్టారు. 2023 జూన్‌లో రెడిట్‌లో గ్రూపులు నిరసనగా మూసేస్తే గూగుల్లో వచ్చిన లింకులు నొక్కినా ఏమీ తెరుచుకోలేదు, గుర్తుందా? అంటే మనుషులు మాట్లాడుకునే చోటే అసలు సమాధానం ఉంది. గూగుల్‌కీ ఆ సంగతి తెలుసు, 2024లో రెడిట్‌తో ఒప్పందం చేసుకుంది.

లింకులమాస్టారు
రెడిట్ వేరు రీల్స్ వేరు. రెండిటినీ ఒకే గాటన కట్టకండి. రెడిట్ రాత, వెతికితే దొరుకుతుంది.

కుట్టుపని
అదే కదా నేననేది. రీల్‌లో అసలు వెతకడమే లేదు. నేను ప్రశ్నతో వెళ్తా, అది నన్ను ఇంకెక్కడికో లాక్కుపోతుంది. యూట్యూబ్ మొదట్లో వ్యూలు లెక్కపెట్టేది, 2012లో ఎంతసేపు చూశారన్న దానికి పెద్దపీట వేసింది. రెండు నిమిషాల్లో తేలేది పన్నెండు నిమిషాలకి సాగుతుంది. ఫేస్‌బుక్ ఒకప్పుడు కోపం ఎమోజీకి లైకు కన్నా అయిదు రెట్ల విలువ ఇచ్చిందని 2021లో బయటికొచ్చిన వాళ్ళ సొంత కాగితాల్లోనే ఉంది. మనకి ఏం కావాలన్నది కాదు వాళ్ళ లెక్క, ఎంతసేపు కదలకుండా కూర్చున్నామన్నది. చదివే ఓపిక లేని సోమరులకి అదే బాగుంటుంది, ఏం చేస్తాం.

రాత్రిపక్షి
సోమరులా? మా నాన్న బడి మొహం చూడలేదండీ. అరవై దాటాక ఫోన్‌లో మైకు నొక్కి మాట్లాడటం నేర్చుకున్నారు. మొన్న ఫ్యాన్ తిరగకపోతే వీడియో చూసి కెపాసిటర్ మార్చింది ఆయనే, నేను పక్కన నిలబడ్డా అంతే. మీ తొమ్మిదేళ్ళ సైటు ఆయనకి తొమ్మిదేళ్ళూ లేనట్టే. ఇన్నాళ్ళూ ఇంటర్నెట్ అంతా చదువుకున్నోళ్ళ కోసం ఉంది, అప్పుడు ఎవరూ త్రెడ్ పెట్టలేదు ఇది మంచికా చెడుకా అని. ఇప్పుడు మీ వ్యూస్ తగ్గాయి కాబట్టి లోకం చెడిపోయింది!

వేపచెట్టు
కాస్త తగ్గండి ఇద్దరూ

కుట్టుపని
ఆ మాట అనకుండా ఉండాల్సింది, మీ నాన్నగారిని ఉద్దేశించి కాదు, అయినా తప్పే. కానీ వ్యూస్ అని తీసిపారేయకండి. నా పనిని నా పేరు లేకుండా ఎవరో అమ్ముకుంటుంటే నాకు బాధ ఉండదా?

రాత్రిపక్షి
ఉంటుంది, కాదనను. కానీ చూసేవాడికి ఫ్యాన్ తిరిగిందా లేదా అన్నదే లెక్క. సమాధానం ఎవరిదైతేనేం?

కుట్టుపని
ఇదిగో, మనిద్దరి గొడవా ఇక్కడుంది, ఇంతసేపూ వీడియోనా రాతా అని కొట్టుకున్నాం. ఎవరిదో తెలియాలంటాను నేను. ఆ స్క్రూ బిగించి మిషన్ పాడుచేసుకున్నవాడు ఎవరినడగాలి? నా దగ్గరికి వచ్చే దారి ఉంటే నేను చెప్పేదాన్ని, దారే లేదు. గూగుల్ 1998లో మొదలైందే ఆ దారుల మీద, ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇస్తే అది ఓటు, ఇది వీళ్ళ దగ్గర నేర్చుకున్నాను అని ఒప్పుకోవడం. ఇన్‌స్టా పోస్టు కింద లింకు రాసినా నొక్కడానికి పనిచేయదు. 2024లో గూగుల్ ఏఐ సమాధానం పిజ్జా మీద చీజ్ జారకుండా జిగురు వేయమంది కదా, అది పదకొండేళ్ళ నాటి రెడిట్ వేళాకోళమని జనం ఎలా పట్టుకున్నారు? ఆ కామెంట్ ఇంకా అక్కడ, అదే మాటలతో ఉంది కాబట్టి. రీల్‌లో ఎవరో నోటితో అనేసిన మాటని ఎక్కడని వెతుకుతారు?

లింకులమాస్టారు
లింకు ఓటు అన్నది నిజమే, కానీ సోషల్ మీడియా లింకులకి చాలావరకు నోఫాలో ఉంటుంది, అంటే ఈ లింకుని ఓటుగా లెక్కపెట్టొద్దని గూగుల్‌కి చెప్పే గుర్తు, 2005లో కామెంట్ స్పామ్ ఆపడానికి తెచ్చారు. కాబట్టి అక్కడ లింకు ఇచ్చినా ర్యాంకింగ్‌కి...

కుట్టుపని
మాస్టారూ నేను ర్యాంకింగ్ అడగట్లేదు. పేరు అడుగుతున్నా.

రాత్రిపక్షి
సరే, ఇది ఒప్పుకుంటా. కానీ తెర మీద పేరు వేస్తే మా నాన్న చదవలేరు. ఫలానా వాళ్ళ దగ్గర నేర్చుకున్నానని వీడియో చేసినోళ్ళు నోటితో చెప్పాలి. చెప్తే ఆయన గుర్తుపెట్టుకుంటారు, కెపాసిటర్ వీడియో చేసిన కుర్రాడి పేరు ఇప్పటికీ చెప్తారు. అయినా ఒకటడుగుతా, మీరే వీడియో తీయొచ్చు కదా? మీ చేతులే చూపించండి, ఆ స్క్రూ ముట్టుకోవద్దని మీ గొంతుతోనే చెప్పండి. మా నాన్నలాంటోళ్ళు వందమంది వింటారు.

కుట్టుపని
ఇంట్లోనూ అదే అంటున్నారు. ఒకసారి ప్రయత్నించా, ఒక చేత్తో ఫోన్ ఇంకో చేత్తో స్క్రూడ్రైవర్, గొంతు వణికింది, తీసేశా. నాకు రాయడం వచ్చు, నేను రాస్తా. మీ నాన్నగారి కోసం ఎవరైనా నా వ్యాసం చదివి వినిపిస్తామంటే సంతోషంగా ఇస్తా, స్క్రూ సంగతి మార్చకుండా, నా పేరుతో.