ఒలింపిక్ పతకమే లేని కిమ్ యోన్‌క్యుంగ్‌ను ఆల్‌టైమ్ బెస్ట్ అనొచ్చా? (స్కోర్‌షీట్, వెనకవరుస, మిడిల్‌బ్లాక్ అనే పేర్లతో ముగ్గురి చర్చ)

స్కోర్‌షీట్:
2025 ఏప్రిల్‌లో తన క్లబ్ హుంగుక్ లైఫ్‌కు దక్షిణ కొరియా వాలీబాల్ లీగ్ (వి-లీగ్) టైటిల్ గెలిపించి కిమ్ ఆటకు వీడ్కోలు చెప్పింది. మహిళల వాలీబాల్‌లో ఆమెను మించినవాళ్లు లేరని అప్పటినుంచి చాలామంది రాస్తున్నారు. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కావడం లేదు. క్యూబాకు చెందిన రెగ్లా టోరెస్‌కు 1992, 1996, 2000లో మూడు ఒలింపిక్ స్వర్ణాలున్నాయి, 1994, 1998 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లూ ఉన్నాయి. బార్సిలోనాలో స్వర్ణం గెలిచేనాటికి ఆమెకు 17 ఏళ్లే. 20వ శతాబ్దపు ఉత్తమ క్రీడాకారిణిగా అంతర్జాతీయ సమాఖ్య ఎంచుకున్నదీ ఆమెనే. కిమ్ మూడు ఒలింపిక్స్ ఆడితే 2012లో నాలుగో స్థానం, 2016లో క్వార్టర్స్‌లో ఓటమి, టోక్యోలో మళ్లీ నాలుగు. రెండు కాంస్య పతక మ్యాచ్‌లూ 0-3తో పోయాయి. అసలైన రోజున గెలవకపోతే బెస్ట్ ఎలా అవుతుందో చెప్పండి.

వెనకవరుస:
పతకాల లెక్క తప్పని అననండీ. కానీ అది జట్టు లెక్క. క్రీడాకారిణిని తూచాలంటే కోర్టులో ఆమె మీద ఎంత బరువు పడిందో చూడాలి.

కిమ్ అవుట్‌సైడ్ హిట్టర్, అంటే నెట్ అంచు వైపు నుంచి దాడి చేసే ప్లేయర్. ఈ స్థానంలో ఆడేవాళ్లకు రెండు పనులు. ముందు ప్రత్యర్థి సర్వ్‌ను రిసీవ్ చేయాలి, వెంటనే పరుగెత్తి స్పైక్ (నెట్ మీదుగా బలమైన షాట్) కొట్టాలి. అందుకే ప్రత్యర్థులు కావాలనే వాళ్ల మీదికి సర్వ్ చేస్తారు, రిసీవ్‌లోనే అలసిపోవాలని. రిసీవ్ చక్కగా కుదిరితేనే మిడిల్ బ్లాకర్‌కు (నెట్ మధ్యలో ఆడే ప్లేయర్‌కు) వేగంగా బంతి అందుతుంది. కుదరకపోతే సెట్టర్ (స్పైక్ కొట్టేవాళ్లకు బంతి అందించే ప్లేయర్) ఎక్కడినుంచో బంతిని ఎత్తుగా వేస్తుంది, అది ఎక్కువసార్లు చేరేది అవుట్‌సైడ్ హిట్టర్ దగ్గరికే. ఎదురుగా ఇద్దరు ముగ్గురు బ్లాకర్లు అప్పటికే కాచుకుని ఉంటారు. ఆ చెడ్డ బంతుల్ని పాయింట్లుగా మార్చడమే కిమ్ కెరీర్ అంతా చేసిన పని. 192 సెంటీమీటర్ల మనిషి అంత బాగా రిసీవ్, డిగ్ (ప్రత్యర్థి స్పైక్‌ను కింద పడకుండా ఎత్తడం) చేయడం చాలా అరుదు. స్కూల్లో పొట్టిగా ఉన్న రోజుల్లో సెట్టర్‌గా, లిబరోగా (వెనక వరుసలో డిఫెన్స్ మాత్రమే చేసే ప్లేయర్‌గా) ఆడింది, ఆ చేతులు తర్వాత కూడా పోలేదు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో 207 పాయింట్లతో టాప్ స్కోరర్. పతకం రాని జట్టులో ఉండి కూడా టోర్నీ ఎంవీపీ (అత్యుత్తమ క్రీడాకారిణి) ఆమే! అదే ఏడాది ఆమె ఆడిన టర్కీ క్లబ్ ఫెనెర్‌బాచే యూరప్ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది, అక్కడా ఎంవీపీ ఆమే. అంటే చుట్టూ మంచి జట్టు ఉన్నప్పుడు పెద్ద టైటిల్ గెలిచి చూపించింది కదా.

ఇక టోక్యో సంగతి. ఆ ఒలింపిక్స్ జరిగిన 2021 మొదట్లోనే ప్రధాన సెట్టర్, మరో అవుట్‌సైడ్ హిట్టర్ జాతీయ జట్టుకు దూరమయ్యారు. అయినా జపాన్ మీద ఐదో సెట్‌లో 12-14తో వెనకబడి 16-14తో గెలిచారు. క్వార్టర్స్‌లో టర్కీని 3-2తో ఓడించారు, అందులో కిమ్‌వి 28 పాయింట్లు. ఆ తర్వాత ఆమె జాతీయ జట్టు నుంచి తప్పుకుంది. 2022 నేషన్స్ లీగ్‌లో (జాతీయ జట్ల అంతర్జాతీయ టోర్నీలో) కొరియా ఆడిన 12 మ్యాచ్‌లూ ఓడింది. 2023లోనూ 12కు 12 ఓడింది.

మిడిల్‌బ్లాక్:
ఆ చివరి వాదన అంత గట్టిది కాదు. టోక్యో తర్వాత యాంగ్ హ్యోజిన్, కిమ్ సుజి కూడా జాతీయ జట్టును వదిలారు, కోచ్ కూడా మారాడు. అన్ని ఓటముల్నీ ఒక్కరు లేకపోవడానికే ముడిపెట్టలేం. 2021 నేషన్స్ లీగ్‌లో కిమ్ యోన్‌క్యుంగ్ ఉండగానే కొరియా 16 జట్లలో 15వ స్థానంలో నిలిచింది.
మిడిల్ బ్లాకర్‌గా ఆడిన టోరెస్ విషయంలో ఇంకో మాట. లిబరో నిబంధన వచ్చింది 1998లో. ఆమె మొదటి రెండు స్వర్ణాల నాటికి ఇప్పటిలా మిడిల్‌ని వెనక వరుసలో లిబరోతో మార్చే వీలే లేదు, కాబట్టి వెనక వరుస డిఫెన్స్ భారమూ ఆమె మీద పడేది. ఇప్పటి మిడిల్ బ్లాకర్లను చూసి ఆమె పనిని తక్కువ చేయొద్దు.

వెనకవరుస:
లిబరో పాయింట్ ఒప్పుకుంటాను. యాంగ్, సుజి సంగతి కూడా నిజమే. కానీ అదే 15వ స్థానం జట్టు కొన్ని వారాలకే ఒలింపిక్ సెమీస్‌కు చేరింది, దాన్ని కూడా లెక్కలో వేయండి.

స్కోర్‌షీట్:
సరే, పతకాలు పక్కన పెడితే రష్యా స్టార్ ఎకతెరీనా గమోవాను ఎక్కడ పెడతారు? 2006, 2010లో ప్రపంచ ఛాంపియన్. సిడ్నీలో క్యూబా మీద, ఏథెన్స్‌లో చైనా మీద రష్యా 2-0 ఆధిక్యంలో ఉండి రెండు ఒలింపిక్ ఫైనల్స్‌నూ 2-3తో పోగొట్టుకుంది. మీ లెక్క ప్రకారం ఆమెకూ అన్యాయం జరిగినట్టే.

వెనకవరుస:
జరిగింది. స్వర్ణం లేదని గమోవాను కూడా కింద పెట్టను. అయితే ఆమె ప్రధాన బాధ్యత దాడి, రిసీవ్ భారం వేరేవాళ్లు మోసేవారు. రెండు పనులూ కలిపి చూస్తే నా ఓటు కిమ్‌కే. టోరెస్ రెండో స్థానం, అదీ చాలా దగ్గరగా.