రెండు క్లెబ్సియెల్లాలకూ నారింజ వలయమే వస్తోంది, తేడా ఎలా పట్టుకోవాలి?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని, విశాఖ):
నా ప్రాజెక్టుకు క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా కల్చర్లు రెండు ఇచ్చారు. మొదటిది కాలేయంలో చీముగడ్డ వచ్చిన రోగిది. లూపుతో కాలనీని ఎత్తితే తీగపాకంలా సాగుతుంది. రెండోది మామూలు మూత్రనాళ ఇన్ఫెక్షన్‌ది. మొదటిది ఇనుమును లాక్కొచ్చే సిడెరోఫోర్లను ఎక్కువగా చేస్తుందని చూపిద్దామని నీలం రంగు సీఏఎస్ ప్లేట్లు (సిడెరోఫోర్ ఉన్నచోట నారింజ రంగుకు మారేవి) పోశాను. తీరా చూస్తే ఒకదానికి 11 మి.మీ., రెండోదానికి 10 మి.మీ. నారింజ వలయాలు! ఇది మూడోసారి. గాజు సామాను సరిగా కడగలేదని మా గైడ్ అంటున్నారు. నిజంగా అదేనా?

జవాబు (ఆసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను):
గాజు సామాను పాపం ఏమీ లేదమ్మా. బయటి ఇనుము కలిస్తే ఫర్ అనే ప్రొటీన్ ఆ ఇనుమును పట్టుకుని సిడెరోఫోర్ జన్యువుల మీద కూర్చుంటుంది, ఉత్పత్తి ఆగుతుంది. అంటే వలయం తగ్గాలి కదా!

రంగు మారిందంటే అద్దకం దగ్గరున్న ఇనుమును ఎవరో లాగేశారని మాత్రమే అర్థం. ఎవరు లాగారో ప్లేటు చెప్పదు. ఎంటెరోబాక్టిన్ అనే సిడెరోఫోర్‌ను చేసే జన్యువులు దాదాపు ప్రతి క్లెబ్సియెల్లా క్రోమోజోములోనూ ఉంటాయి. ఇనుమును అంత గట్టిగా పట్టే అణువులు చాలా అరుదు. కానీ మన తెల్ల రక్తకణాలు విడిచే లిపోకాలిన్-2 అనే ప్రొటీన్ ఎంటెరోబాక్టిన్‌ను దారిలోనే పట్టేస్తుంది. ప్లేటులో లిపోకాలిన్ ఉండదు, అందుకే మీ రెండూ సమఉజ్జీలుగా కనిపిస్తున్నాయి.

చీముగడ్డ రకాల్లో సాధారణంగా ఓ పెద్ద ప్లాస్మిడ్ (క్రోమోజోముకు బయట విడిగా ఉండే డీఎన్ఏ వలయం) ఉంటుంది. ఏరోబాక్టిన్ అనే మరో సిడెరోఫోర్ జన్యువులు దాని మీదే ఉంటాయి. ఏరోబాక్టిన్ నిర్మాణమే వేరు, లిపోకాలిన్‌కు చిక్కదు. కాబట్టి ఏరోబాక్టిన్‌ను తయారుచేసే ఐయూసీ-ఏ జన్యువు ఉందో లేదో పీసీఆర్ పెట్టి చూడండి. ఏరోబాక్టిన్‌ను లోపలికి తీసుకునే ఐయూటీ-ఏ జన్యువు జోలికి వెళ్లకండి. దాన్ని పోలిన జన్యువు మామూలు రకాల క్రోమోజోములోనూ ఉంటుంది, తప్పుడు పాజిటివ్ వస్తుంది.

ప్రశ్న వేసిన విద్యార్థిని:
ధన్యవాదాలు సర్. అయితే ఆ ప్లాస్మిడ్ పోతే బ్యాక్టీరియా సాధువైపోయినట్టేనా?

జవాబు (మెడికల్ పీజీ, హైదరాబాద్):
అది రోగి ఒంట్లోని ఇనుము మీద కూడా ఆధారపడుతుంది. 2009లో షికాగోలో ప్లేగు బ్యాక్టీరియా మీద పనిచేస్తున్న పరిశోధకుడొకరు చనిపోయారు. ఆయన వాడింది బలహీనపరిచిన రకం. యెర్సినియాబాక్టిన్ అనే సిడెరోఫోర్‌ను చేసే జన్యువులున్న క్రోమోజోము ముక్క అందులో లేదు. అందుకే దాన్ని ప్రమాదం లేనిదిగా చూసేవారు. తర్వాత తేలిందేమిటంటే, ఆయనకు ఇనుము పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు హీమోక్రొమటోసిస్ ఉంది. బ్యాక్టీరియా పోగొట్టుకున్న పనిముట్టు లోటును ఆ ఇనుమే తీర్చి ఉండవచ్చని పరిశోధకుల అంచనా.

ప్రశ్న వేసిన విద్యార్థిని (తొమ్మిది రోజుల తర్వాత):
పీసీఆర్ అయింది. చీముగడ్డ కల్చర్‌కు మాత్రమే బ్యాండ్ వచ్చింది. గైడ్‌కు చూపిస్తే గాజు సామాను ఊసెత్తలేదు కానీ, "పాజిటివ్ కంట్రోల్ (బ్యాండ్ తప్పక రావాల్సిన నమూనా) ఏది?" అన్నారు. ఐయూసీ-ఏ ఉన్నట్టు నిర్ధారణ అయిన డీఎన్ఏ ఇక్కడ ఎవరి దగ్గరైనా ఉందా?