లన్‌ను ఒక్క లైనక్స్ సర్వర్‌కే కనిపించేలా చేయడం ఎలా?

కాటా సర్వర్, చిత్తూరు:
అన్నా, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సిస్టమ్స్ చూస్తాను. తోతాపురి సీజన్, గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరాయి. కాటాలో తూకం వేసిన ప్రతి బండి లెక్కా ఒక లైనక్స్ సర్వర్‌లో పడుతుంది. డేటా అంతా స్టోరేజ్ బాక్స్‌లోని ఐస్కజీ లన్‌లో (నెట్‌వర్క్ మీద సర్వర్‌కి సొంత డిస్క్‌లా కనిపించే భాగం), ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మీద ఉంది.

నిన్న రాత్రి అదే లన్ అకౌంట్స్ సర్వర్‌లోనూ కొత్త డిస్క్‌లా కనిపించింది. అక్కడి అబ్బాయి పాత బిల్లులు చూద్దామని మౌంట్ చేశాడు. తెల్లారేసరికి కాటా సర్వర్ ఫైల్‌సిస్టమ్ రీడ్ ఓన్లీకి వెళ్లిపోయింది. ఫైల్‌సిస్టమ్‌ని సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే నడిపితే 40 రసీదులు, పేరు పోయిన ఫైళ్లు చేరే లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డర్‌లో తేలాయి. రైతుల చేతిలోని చీటీలు అడిగి తీసుకుని ఒక్కొక్కటీ సరిచూస్తున్నాను. వాళ్ల డబ్బు ఆ తూకం మీదే కదా, టెన్షన్‌తో అన్నం సహించలేదు.

స్టోరేజ్ ఏసీఎల్‌లో (ఎవరిని అనుమతించాలో చెప్పే జాబితా) కాటా సర్వర్ ఐక్యూఎన్ (ఐస్కజీలో సర్వర్‌ని గుర్తించే పేరు) ఒక్కటే ఉంది. మరి రెండో సర్వర్ ఎలా వచ్చింది?

తిరుపతి లైనక్స్:
అకౌంట్స్ సర్వర్‌ని కాటా సర్వర్ నుంచి క్లోన్ చేశారా? అలాగైతే ఐక్యూఎన్ ఉండే ఇనిషియేటర్ నేమ్ ఫైల్ కూడా కాపీ అయిపోతుంది. స్టోరేజ్‌కి రెండూ ఒకటే మనిషి. రెండింట్లో ఆ ఫైల్ తెరిచి చూడండి.

పీలేరు అడ్మిన్:
రీడ్ ఓన్లీగా మౌంట్ చేసుంటే ఏమీ అయ్యేది కాదు కదా?

తిరుపతి లైనక్స్:
కాదండీ, దయచేసి అలా చేయకండి. జర్నల్‌లో (మార్పులు ముందుగా రాసుకునే చిట్టా) పెండింగ్ ఉంటే ఈఎక్స్‌టీ4 రీడ్ ఓన్లీ మౌంట్‌లో కూడా దాన్ని రీప్లే చేసి డిస్క్ మీద రాస్తుంది. అది చాలా సర్వర్లు ఒకేసారి వాడుకోగల క్లస్టర్ ఫైల్‌సిస్టమ్ కాదు, ఒక సర్వర్ రాసింది రెండోదాని క్యాష్‌కి తెలియదు.

కాటా సర్వర్ గారూ, క్లోన్‌లో ముందు లన్ అన్‌మౌంట్ చేసి, సెషన్ లాగౌట్ చేయండి. ఐస్కజీ ఐనేమ్ కమాండ్‌తో కొత్త ఐక్యూఎన్ తీసి ఫైల్‌లో పెట్టి, ఐస్కజీడీ సర్వీస్ రీస్టార్ట్ చేయండి. ఐక్యూఎన్ ఎవరైనా టైప్ చేసుకోగలిగిన పేరే, అందుకే కాటా సర్వర్‌కి చాప్ పాస్‌వర్డ్ (ఐస్కజీ లాగిన్‌కి అడిగేది) కూడా పెట్టండి. అకౌంట్స్‌కి బిల్లులు కావాలంటే కాటా సర్వర్ నుంచే ఎన్‌ఎఫ్‌ఎస్‌లో (నెట్‌వర్క్ మీద ఫోల్డర్ పంచుకునే పద్ధతి) రీడ్ ఓన్లీగా ఇవ్వండి. ఫోల్డర్ ఎవరికి ఇవ్వాలో రాసే ఎక్స్‌పోర్ట్స్ ఫైల్‌లో ఐపీకీ, ఆప్షన్లు ఉండే బ్రాకెట్‌కీ మధ్య ఖాళీ వదిలితే ఆ ఆప్షన్లు అందరికీ వర్తిస్తాయి, అక్కడ జాగ్రత్త.

కాటా సర్వర్, చిత్తూరు:
క్లోనే అన్నా! మార్చిలో నేనే చేశాను. రెండు ఫైళ్లలో ఒక్క అక్షరం తేడా లేదు. మీరు చెప్పినట్టే ఐక్యూఎన్ మార్చేసి, అకౌంట్స్ నుంచి లాగిన్ ప్రయత్నిస్తే ఆథరైజేషన్ ఫెయిల్యూర్ అని తిప్పికొట్టింది. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో బిల్లులు కనిపిస్తున్నాయి. ఇంకా రెండు చీటీలు దొరకలేదు, ఆ రైతుల ఊళ్లకి సాయంత్రం వెళ్తున్నా.