చిన్న పరిశ్రమల ఆవిష్కరణలకు ప్రత్యేక ప్రభుత్వ సంస్థ అవసరమా?

ప్రశ్న:
హైదరాబాద్‌లో అంకుర సంస్థల కోసం 2015లో టీ-హబ్, మహిళా పారిశ్రామికవేత్తల కోసం 2018లో వీ-హబ్ ఏర్పడ్డాయి. అయినా బాలానగర్‌లో రెండు లేత్ యంత్రాలతో విడిభాగాలు చేసే నాబోటివారు ఒక కొత్త పరికరాన్ని రూపొందించి పరీక్షించుకోవాలంటే ఎవరిని ఆశ్రయించాలో తెలియడం లేదు. ఇందుకోసమే ఒక ప్రభుత్వ సంస్థ ఉండాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

మొదటి జవాబు:
మీ ఆవేదన న్యాయమైనదే కానీ, ముందు మీ పక్కనే ఉన్నవాటిని చూడండి. బాలానగర్‌లోనే 1968లో ఏర్పడిన, పనిముట్ల రూపకల్పనలో శిక్షణ, సాయం అందించే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. నమూనాల తయారీకి 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ కూడా ఉంది.

రెండో జవాబు:
నా అనుభవంలో నమూనా తయారీ కన్నా తొలి కొనుగోలుదారు దొరకడమే కష్టం. అమెరికాలో 1982లో వచ్చిన చట్టం, పెద్ద పరిశోధన బడ్జెట్ ఉన్న ఫెడరల్ సంస్థలు అందులో కొంత వాటాను చిన్న సంస్థలకే కేటాయించేలా చేసింది. మన 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఈ. (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం, చిన్న సంస్థల సరుకు అందుకున్నవారు గరిష్ఠంగా 45 రోజుల్లో సొమ్ము చెల్లించాలంటోంది. అయినా నేను ఒక పెద్ద కొనుగోలుదారు నుంచి రావాల్సిన సొమ్ము కోసం ఏడు నెలలు ఎదురుచూశాను. కొత్త సంస్థ పెడితే, ఇటువంటి బకాయిలను వెంటపడి ఇప్పించే బాధ్యతను కూడా దానికి అప్పగించాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. టూల్ డిజైన్ సంస్థకు ఈ వారమే వెళ్లి, నా పరికరం కొలతలు చూపిస్తాను.