దహన సేవలకు రాష్ట్రంలో ప్రత్యేక చట్టం కావాలా?

మధురవాడ వాసి

ఇక్కడ విశాఖలో మా పెదనాన్నగారు పోయినప్పుడు కట్టెలకు, కాటి పనికి, ఫ్రీజర్ బాక్సుకు, బండికి అడిగినంత ఇచ్చాం. ఒక్కదానికీ రసీదు లేదు. ధరల బోర్డు ఎక్కడా కనిపించలేదు. శవాన్ని ముందు పెట్టుకుని ఎవరూ బేరం ఆడరని తీసుకునేవారికి బాగా తెలుసు. 2022లో తిరుపతిలో ఒక తండ్రి అంబులెన్సుల వాళ్లు అడిగినంత ఇచ్చుకోలేక కొడుకు శవాన్ని మోటారు సైకిల్ మీద తీసుకెళ్లిన సంగతి మనందరం చదివాం. శ్మశానాలు, దహనవాటికలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితాలోనే ఉన్నాయి, పదో అంశం. మన శాసనసభ తలచుకుంటే చాలు. మృతుల గౌరవం కాపాడడానికి ప్రత్యేక చట్టం చేయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2021 మే నెలలోనే సూచించింది. లైసెన్సు, ప్రకటించిన ధరలు, రసీదు, తప్పితే జరిమానా ఉండాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

సీతమ్మధార, విశ్రాంత ఉద్యోగి

చట్టాలకు మనకు కొదవ ఏముంది బాబూ? మరణం 21 రోజుల్లో నమోదు కావాలని 1969 నాటి చట్టం చెబుతోంది. శ్మశానం నిర్వహించేవారు కూడా సమాచారం ఇవ్వాలని అందులోనే ఉంది. ఎంతమంది ఇస్తున్నారు? బోర్డు పెట్టించడానికి, రసీదు పుస్తకం ఇవ్వడానికి మున్సిపల్ కమిషనర్ సంతకం చాలు. కొత్త చట్టం వస్తే కొత్త తనిఖీ అధికారి, ఆయన వెనుక కొత్త మామూలు. రాజస్థాన్ 2023లో మృతదేహాల గౌరవం పేరిట చట్టం చేసింది. న్యాయం కోసం శవంతో రోడ్డు మీద కూర్చుంటే జైలు అని అందులో రాశారు. చనిపోయినవారి పేరు చెప్పి బతికున్నవారి నోరు నొక్కడం నాకు భయం కలిగిస్తోంది.

జ్ఞానాపురం

పెద్దవారి భయం అర్థమైంది. అయినా చట్టం కావాలనే అంటాను, మధురవాడ వారు అడిగింది మాత్రం కాదు. డబ్బు తీసుకునే చెయ్యి మీ ఇద్దరికీ కనిపించింది. ఆ చేతికి జీతం ఎవరిస్తున్నారని మీలో ఒక్కరూ అడగలేదు.

మేము శ్మశానానికి దగ్గరలోనే ఉంటాం, ఆ పని రోజూ చూస్తాం. కొడుకు కుండ పగలగొట్టి, తలకొరివి పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతాడు. కాటికాపరికి అసలు పని అక్కడి నుంచే మొదలు. చితికి మూడు నాలుగు వందల కిలోల కట్టె పడుతుంది. లావు దుంగలు అడుగున, ఎండు కట్టె పక్కల, గుండెల మీద బరువైన దుంగ. తుపాను రోజుల్లో కట్టె తడిస్తే మంట అందుకోదు, పొగ కళ్లలోకి కొడుతుంది. పొడవాటి వెదురుతో ఎగదోస్తూ గంటల తరబడి అక్కడే నిలబడాలి. తెల్లారి మీరు పాలు పట్టుకుని అస్థికలకు వచ్చేసరికి బూడిద చల్లార్చి ఎముకలు కనిపించేలా సర్ది ఉంచేది కూడా ఆయనే. చాలా చోట్ల ఈ మనిషికి నెల జీతం లేదు, చేతికి తొడుగులు లేవు, పింఛను లేదు. మీరు ఇచ్చిందే కూలి. అలాంటి మనిషి దగ్గర ధర కట్టేసి, మీరితే జరిమానా అంటే ఆయన ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? కొన్నాళ్లకు లైసెన్సు ఏ కాంట్రాక్టరు చేతికో పోతుంది, ఆయన అక్కడే దినకూలీగా మిగులుతాడు.

కాబట్టి చట్టంలో మొదటి సెక్షన్ జీతం గురించి ఉండాలి. ధరల పట్టిక తరువాత.

అద్దె ఇంటి మనిషి, గోపాలపట్నం

శ్మశానం దాకా వెళ్లేలోపు సంగతి కూడా చూడండి. మాది శ్రీకాకుళం వైపు. అమ్మ ఆసుపత్రిలో పోయింది. శవాన్ని ఇంటికి తేవద్దన్నారు ఇంటి యజమాని. ఈ ఊళ్లో అద్దెకు ఉండేవాళ్లందరికీ తెలిసిన బాధే ఇది. అక్క బెంగళూరు నుంచి వచ్చేదాకా అమ్మను రోడ్డు పక్క టెంటులో, బాడుగ ఫ్రీజర్‌లో ఉంచాం. కరెంటు ఎదురు దుకాణం ఆయన ఇచ్చాడు. స్నానం కూడా పరదా కట్టి అక్కడే చేయించాం. ప్రతి జోన్‌లో శ్మశానం పక్కన ఒక హాలు, రెండు ఫ్రీజర్లు, నీళ్ల కుళాయి ఉంచడం కార్పొరేషన్ విధి అని చట్టంలో రాయిస్తే నేను చేతులెత్తి మొక్కుతాను.

మధురవాడ వాసి

జ్ఞానాపురం వారూ, జీతం న్యాయమే, ఒప్పుకుంటాను. కానీ ఇంటి దగ్గర పోయినవారి మరణ ధ్రువపత్రానికి శ్మశానం రసీదు అడుగుతారు. ఆ కాగితం కాటికాపరి చేతిలో ఉన్నంతకాలం మేము ఎదురు మాట్లాడలేం. జీతం ఇచ్చాక కూడా అడగరని హామీ ఏమిటి?

జ్ఞానాపురం

ఆ కాగితం ఆయన చేతిలో ఎందుకు ఉండాలి? డబ్బు కట్టేది, రసీదు తీసుకునేది వార్డు సచివాలయంలో పెట్టండి. కాటి దగ్గర నగదు చేతులు మారనక్కర్లేదు. జీతం అందుకుంటూ కూడా అడిగితే అప్పుడు వేయండి జరిమానా, నేను అడ్డు చెప్పను.

భీమిలి రోడ్డు

నగరంలో కలిసిన మా ఊళ్లలో ఇప్పటికీ కులానికో శ్మశానం. దారి ఒకరికి తారు రోడ్డు, ఒకరికి గెడ్డ (వాగు) దాటి బురద. ఎస్సీ, ఎస్టీలను శ్మశానం వాడుకోనివ్వకపోవడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం, 2015 సవరణలో స్పష్టంగా రాశారు. అయినా ఫిర్యాదు చేస్తే ఊళ్లో ఉండగలమా అని ఊరుకుంటున్నారు. లైసెన్సు ఇచ్చే ప్రతి శ్మశానం అందరిదీ అని, అడ్డుకుంటే ఆ లైసెన్సే రద్దు అని రాయండి. సీతమ్మధార పెద్దాయనా, దీనికి కమిషనర్ సంతకం సరిపోతుందా?