తుపాను జిల్లాలో మొండి ఫోను కొనడం తెలివా, దండగా?

పర్లాకిమిడి మేష్టారు:
నీళ్లలో మునిగినా, రాతి మీద పడినా పనిచేసే ఫోను కొంటానని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. మామూలు దానికి రెట్టింపు ధర. 2018లో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను ముంచిన రోజులు గుర్తొచ్చి వద్దనలేకపోతున్నాను. మీరేమంటారు?

మాజీ సుబేదారు, బరంపురం:
దండగే మేష్టారూ. డబ్బా మీద అమెరికా సైన్యపు 810 ప్రమాణం (వస్తువు ఎంత మొరటు వాడకానికి తట్టుకుంటుందో చూసే పరీక్షల చిట్టా) అని ఉంటే మురిసిపోకండి. అందులో ఇరవైకి పైగా పరీక్షలున్నాయి. కంపెనీ తనకు అనువైన నాలుగు చేయించుకుని ఆ పేరు వాడుకోవచ్చు, ఏ సైన్యమూ వచ్చి చూడదు.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు నా ఫోనుకు చిన్న గీత కూడా పడలేదు. పోయింది టవరు, కరెంటు. టైము చూసుకోవడానికి తప్ప అది ఎందుకూ పనికిరాలేదు. కబుర్లు చెప్పింది మా అత్తగారి పాత ట్రాన్సిస్టరు రేడియో, టార్చిలైటులో వేసే రెండు సెల్లులతో!

మంచుకొండల్లో పనిచేసినప్పుడు బ్యాటరీలను చొక్కా లోపల ఒంటికి ఆనించి దాచుకునేవాళ్లం, చలికి వాటి సత్తువ పడిపోతుంది కనుక. పిడి తిప్పితే మోగే ఫీల్డు టెలిఫోను వైరు తెగితే, పళ్లతో ఒలిచి ముడివేశాం. చెడిపోతే నా చేతికి లొంగాలి, నా లెక్కలో మొండి వస్తువంటే అదే.

ఫోన్ల మెకానిక్కు, రాయగడ:
ఇంకొకటి. ఫోనులోకి నీళ్లు, దుమ్ము దూరవని చెప్పే ఐపీ68 గుర్తు కోసం నీటి పరీక్ష మంచినీళ్లలో చేస్తారు, ఉప్పునీళ్లలో కాదు. బ్యాటరీ మార్చడానికి మూత ఊడదీశాక కొత్త జిగురు సరిగా పడకపోతే నీళ్లు దూరతాయి.

పడవవాడు, గోపాల్‌పూర్:
అయ్యా, ఒడ్డున ఉన్నవారి లెక్క వేరు. టవరు లేకపోయినా జీపీఎస్ ఉపగ్రహాల నుంచి అందుతుంది. పటం ముందే దించుకుంటే దారి కనిపిస్తుంది. మా తమ్ముడి మామూలు ఫోను మొదటి కెరటానికే పోయింది. సముద్రం మధ్య పళ్లతో ఒలవడానికి వైరు ఎక్కడిది సుబేదారుగారూ?

మాజీ సుబేదారు, బరంపురం:
బాగా తగిలింది బాబూ. పడవకైతే కొనాల్సిందే, ఒప్పుకున్నాను. మేష్టారూ, మీ అబ్బాయి చేపల వేటకు వెళ్తాడా?

పర్లాకిమిడి మేష్టారు:
లేదండీ, గదిలో కూర్చుని బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాడు. ట్రాన్సిస్టరు కావాలంటే ఇక్కడి దుకాణంలో నవ్వారు. బరంపురంలో ఎక్కడ దొరుకుతుంది?