సమస్య: "నీరు త్రాగ నోట నిప్పు పుట్టె"

నల్లగొండ, పాలమూరు పద్యమిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది పద్యానికి నాలుగో పాదం. ముందరి మూడు పాదాలు మీరు పూరించాలి. వస్తువు మిరపకాయ. ఏ దేశపు వంటనైనా తీసుకోవచ్చు. షరతు ఒక్కటే: నిప్పు ఎందుకు పుట్టిందో కారణం పద్యంలోనే కనబడాలి.

కారణం వెతకడం కష్టమేమీ కాదు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీటిలో కరగదు. నూనెలో, కొవ్వులో కరుగుతుంది. అందుకే నీళ్లు తాగితే మంట చల్లారదు, నోరంతా పాకుతుంది. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని నాలుక మీద నుంచి తీసుకుపోతుంది. మన ఇళ్లలో కారం తిన్నాక సల్ల (మజ్జిగ) తాగడం వెనక ఉన్న సంగతి అదే.

దేవరకొండ తమ్ముడు:

జొన్న రొట్టె మీద జోరుగా తొక్కేసి
యావురావురనుచు నారగించి
మంట తాళలేక మాడు వేడెక్కగా
నీరు త్రాగ నోట నిప్పు పుట్టె

నిర్వాహకుడు: తమ్ముడూ, పద్యం చదువుతుంటే పెనం మీద నూనెచుక్కతో పచ్చిమిరపకాయలు వేగి, తోలు మీద తెల్లగా బొబ్బలు లేచిన వాసన వచ్చింది. ఎల్లిగడ్డ, జీలకర్ర, ఉప్పు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరిన తొక్కే కదా ఇది! 'మాడు వేడెక్కగా' మంచి పలుకుబడి. రెండు మాటలు మాత్రం చెప్పాలి. 'తొక్కేసి' అంటే కాలితో తొక్కినట్టు వినబడుతోంది. 'జోరుగా తొక్కద్ది' అనండి, గణం చెడదు. రెండోది పెద్దది. మూడో పాదంలోనే మంట ఉంది. ఉన్న మంట నీళ్లతో పెరుగుతుంది గానీ పుట్టదు. సమస్యలో ఉన్నది 'పుట్టె'.

దేవరకొండ తమ్ముడు: మొదటిది ఇప్పుడే మార్చుకుంటాను సార్. రెండోదానికి మళ్లీ కూర్చోవాలి.

మిర్యాలగూడ అక్క:

మెక్సికోకు పోయి మేటి సాల్సా తిని
హబనెరోల ఘాటు హద్దు మీర
పాలు వలదటంచు పంతాన చల్లని
నీరు త్రాగ నోట నిప్పు పుట్టె

నిర్వాహకుడు: మూడో పాదం నుంచి నాలుగో పాదంలోకి 'చల్లని నీరు' అని జారిన తీరుకు చేతులెత్తి దండం పెట్టాలి అక్కా. సమస్య ఇచ్చిన పాదం అతుకులా కాక పద్యంతో కలిసి పుట్టినట్టుంది. పాలు వద్దన్న పంతమే కారణం. శాస్త్రానికీ సరిపోయింది. మెక్సికోలో యుకటాన్ వైపు హబనెరో మిరప వాడకం ఎక్కువ. కారాన్ని కొలిచే స్కోవిల్ కొలతలో జలపెన్యో మిరప 2,500 నుంచి 8,000 దాకా ఉంటే, హబనెరో లక్ష నుంచి మూడున్నర లక్షల దాకా పోతుంది. కాబట్టి 'హద్దు మీర' అతిశయోక్తి కాదు. 'మేటి' యతి (పాదం మొదటి అక్షరంతో నడిమి అక్షరం కలవడం) కోసం వచ్చిన మాట. 'మెండు సాల్సా తిని' అంటే పని చేసే మాట అవుతుంది.

అచ్చంపేట పెద్దాయన: అక్క పద్యం నాకూ నచ్చింది. కానీ తమ్ముడికి చెప్పిన దోషమే ఇక్కడా ఉంది. ఘాటు ముందే హద్దు మీరింది. నిప్పు కొత్తగా ఎక్కడ పుట్టింది?

నిర్వాహకుడు: నిజమే. ఒప్పుకోవాలి.

వనపర్తి మిత్రుడు:

చైన దేశమందు చట్టిలో మరిగెడు
మిరప నూనె పులుసు మీది తేట
జిహ్వ తిమ్మిరెక్కి చెమటలు గ్రమ్మగ
నీరు త్రాగ నోట నిప్పు పుట్టె

అచ్చంపేట పెద్దాయన: దూరాన్వయం. రెండో పాదంలోని 'తేట', నాలుగో పాదంలోని 'నీరు' ఒక్క జట్టు. నడుమ మూడో పాదం అడ్డు నిలిచింది. అదీగాక, నువ్వు చెప్పిన ఆ చట్టి చైనాలోని సిచువాన్ ప్రాంతపు హాట్‌పాట్. అందులోని ఎర్రని పులుసును తాగరు. మాంసం, కూరలు అందులో ఉడికించి బయటికి తీసి, వెల్లుల్లి వేసిన నువ్వులనూనెలో ముంచి తింటారు.

వనపర్తి మిత్రుడు: తెలియనివాడు తాగితే ఏమవుతుందో అదే నా ఊహ పెద్దయ్యా. సవరించాను, చూడండి.

చైన దేశమందు చట్టి ముందర చేరి
జిహ్వ తిమ్మిరెక్క చెమట గ్రమ్మ
మిరప నూనె కలిసి మేలిరంగైనట్టి
నీరు త్రాగ నోట నిప్పు పుట్టె

అచ్చంపేట పెద్దాయన: ఇప్పుడు నడక వచ్చింది. నీరే నూనెతో కలిసి నిప్పును మోసుకొచ్చింది. తిమ్మిరిని, మంటను వేరుచేసి చెప్పడం ఇంకా బాగుంది. ఆ తిమ్మిరి మిరపది కాదు, సిచువాన్ మిరియంది. చైనావాళ్లు 'మా' (తిమ్మిరి), 'లా' (మంట) అని రెండూ విడివిడిగానే చెప్తారు.

నిర్వాహకుడు: ఇంకో రెండు పూరణలు పూర్తిగా వేయలేదు, కారణం చెప్తాను. 'హంగరీకి వెళ్లి గూలాషు తిన్నాను' అని మొదలైనదాంట్లో యతి తప్పింది. అంతకంటే ముఖ్యం, గూలాషు అనే ఆ మాంసం పులుసులో వేసే హంగరీ మిరప, పాప్రికాలో తియ్యనిదే ఎక్కువ, రంగుకు, రుచికి వేస్తారు. శాస్త్రవేత్త సెంట్ జ్యోర్జీ అక్కడి సెగెడ్ నగరంలో ఆ పాప్రికా నుంచే సి విటమిన్ విరివిగా తీశారు, 1937లో నోబెల్ అందుకున్నారు. గొప్ప కాయే గానీ నిప్పు పుట్టించే రకం కాదు. రెండోదాంట్లో విరటుడి వంటశాలలో భీముడు మిరపకాయలు దంచాడు. మిరప అమెరికా ఖండాల మొక్క, పోర్చుగీసువారి ఓడలతో మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన వంటల్లో ఘాటు మిరియాలది. భీముడి చేత మిరియాలే దంచించండి.

కల్వకుర్తి చెల్లెలు: మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

భూటనీయులింట భోజనంబున చీజు
మిరపకాయ మంట మింగి యుంచ
పాల పొరను కడిగి పారద్రోలెడునట్టి
నీరు త్రాగ నోట నిప్పు పుట్టె

అచ్చంపేట పెద్దాయన: అమ్మా, ఎంత చక్కగా విప్పావు! భూటాన్ వంట ఎమ దచ్చి అంటే మిరప, చీజే. వాళ్లు మిరపను కారంగా కాదు, కూరగాయలాగా వండుకుంటారు. చీజులోని కొవ్వు, కేసిన్ మంటను పట్టి ఉంచాయి. ఆ పూతను నీళ్లు కడిగేశాక అప్పుడు పుట్టింది నిప్పు. తిన్నప్పుడు లేదు, తాగాకే వచ్చింది. 'పుట్టె' అన్న మాటకు న్యాయం చేసిన పద్యం ఇదొక్కటే. భూటాన్‌లో దీర్ఘం కుదించావు, అదొక్కటే లోపం. 'కొండ దేశమందు కూర నిండుగ చీజు' అంటే అదీ పోతుంది.

మిర్యాలగూడ అక్క: దేశం పేరు పోతే పద్యం బలం పోతుంది పెద్దయ్యా. చెల్లెలు రాసిందే ఉంచండి.

నిర్వాహకుడు: నాదీ అక్క మాటే. ఈ వారం ఉత్తమ పూరణ కల్వకుర్తి చెల్లెలిది. వచ్చే వారం సమస్య, "కారమెంత తిన్న కాకి నవ్వె". పక్షులకు క్యాప్సైసిన్ మంట తెలియదు, అక్కడి నుంచి ఆలోచించండి. దేవరకొండ తమ్ముడి కొత్త మూడో పాదం కోసం ఎదురుచూస్తున్నాం.